పాల బండి టైమింగ్ బెల్టు, టెన్షనర్: ఎప్పుడు మార్చాలి?

పాల బండి దారిలో ఆగిపోతే సంఘానికి రెండు విధాల నష్టం. మొదటిది మరమ్మతు ఖర్చు. రెండవది క్యాన్లలోని పాలు. పితికిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. కొద్ది గంటల్లో వాటిని 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు పులుస్తాయి. కాచి చూసే పరీక్షలో విరిగిన పాలను శీతల కేంద్రం తీసుకోదు. అప్పుడు ఆ పూట పాలు పోసిన సభ్యులందరూ నష్టపోతారు.

బండి ఆగిపోవడానికి కారణాలు అనేకం. వాటిలో టైమింగ్ బెల్టు తెగడం ఒకటి. ఇది జరిగితే ఖర్చు చాలా ఎక్కువ. అయితే దీనిని ముందుగా నివారించడం మన చేతిలోనే ఉంది. సంఘం బండికైనా, సభ్యుల సొంత కారుకైనా ఈ విషయాలు వర్తిస్తాయి.

బెల్టు చేసే పని ఏమిటి?

ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ క్రాంక్ షాఫ్టును తిప్పుతాయి. పైన కామ్ షాఫ్టు వాల్వులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి తిప్పేది లోపలివైపు పళ్ళు ఉన్న టైమింగ్ బెల్టు. చాలా డీజిలు ఇంజన్లలో డీజిలు పంపును, కొన్నింటిలో నీటి పంపును కూడా ఇదే తిప్పుతుంది.

బయటికి కనిపించే ఫ్యాన్ బెల్టు వేరు, ఇది వేరు. టైమింగ్ బెల్టు మూత లోపల ఉంటుంది. ఫ్యాన్ బెల్టు మార్చి, బెల్టు మార్పించామని నిశ్చింతగా ఉండేవారు లేకపోలేదు. బిల్లులో ఏ బెల్టు అని రాశారో చూసుకోవాలి.

బెల్టు వీపుకు ఆని, సడలకుండా బిగువు ఉంచే చిన్న చక్రమే టెన్షనర్. దాని లోపల బేరింగు ఉంటుంది. బిగువు తగ్గితే బెల్టు పన్ను జారి లెక్క తప్పుతుంది. బిగువు మరీ ఎక్కువైతే బెల్టూ, బేరింగూ రెండూ త్వరగా అరిగిపోతాయి.

తెగితే ఏమవుతుంది?

బెల్టు తెగగానే కామ్ షాఫ్టు ఆగిపోతుంది. క్రాంక్ షాఫ్టు మాత్రం ఊపు మీద ఇంకా తిరుగుతుంది. తెరుచుకుని ఉన్న వాల్వులను పైకి వచ్చే పిస్టన్లు గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కొక్కసారి పిస్టన్లు కూడా దెబ్బ తింటాయి. డీజిలు ఇంజన్లలో పిస్టనుకూ హెడ్డుకూ మధ్య చోటు బహు తక్కువ కాబట్టి ఈ ప్రమాదం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొన్ని పెట్రోలు ఇంజన్లలో మాత్రం వాల్వులకు దెబ్బ తగలకుండా చోటు ఉంటుంది. బెల్టు మార్చడం ఒక పూట పని. వాల్వులు వంగితే హెడ్డు దింపాలి, బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, ఖర్చు అనేక రెట్లు అవుతుంది.

అన్ని బండ్లకూ బెల్టు ఉంటుందా?

ఉండదు. బెల్టుతో కామ్ షాఫ్టును తిప్పే పద్ధతి కార్లలోకి 1962లో జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ కారుతో వచ్చింది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800కు టైమింగ్ బెల్టే. అదే కంపెనీ తరువాత తెచ్చిన స్విఫ్ట్ 1.3 లీటర్ల డీజిలుకు గొలుసు. ట్రాక్టరు ఇంజన్లలో సాధారణంగా పళ్ళ చక్రాలే ఉంటాయి. కొన్ని కొత్త ఇంజన్లలో బెల్టు ఆయిలులో తడుస్తూ తిరుగుతుంది. వాటికి కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. కాబట్టి కంపెనీ పేరును బట్టి ఊహించవద్దు. బండితో వచ్చిన పుస్తకంలో చూడండి. పుస్తకం లేకపోతే ఛాసిస్ నంబరు చెప్పి డీలరును అడగండి.

కిలోమీటర్లా? సంవత్సరాలా?

రెండూ. ఏది ముందు వస్తే అది. గడువు ఇంజనును బట్టి మారుతుంది. 60 వేల కిలోమీటర్లకే మార్చమనేవి ఉన్నాయి, లక్ష దాటి చెప్పేవీ ఉన్నాయి. సంవత్సరాల గడువు కూడా పక్కనే రాసి ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్నదే మీకు ప్రమాణం.

పాల బండి విషయంలో ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు రెండు పూటలా కలిపి 90 కిలోమీటర్లు తిరిగే బండికి 60 వేల కిలోమీటర్లు సుమారు 22 నెలల్లో పూర్తవుతాయి. అయితే ప్రతి సేకరణ కేంద్రం దగ్గరా క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపకుండా ఉంచడం మన డ్రైవర్లలో చాలామందికి అలవాటు. బండి కదలదు కనుక మీటరు తిరగదు. బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నిమిషానికి 800 చుట్ల మీద ఇంజను ఒక గంట ఊరికే నడిస్తే 48 వేల చుట్లు. 2,000 చుట్ల మీద గంటకు 40 కిలోమీటర్లు పోయే బండికి 1 లక్షా 20 వేల చుట్లు. అంటే ఆగి ఉన్న గంట 16 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. రోజుకు రెండు గంటలు అలా నడిస్తే 90 కాస్తా 122 అవుతుంది. 22 నెలలనుకున్న గడువు 16 నెలలకే వస్తుంది. క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపితే డీజిలూ మిగులుతుంది, బెల్టూ నిలుస్తుంది.

సొంత కారు సంగతి ఇందుకు వేరు. పెళ్ళిళ్ళకూ ఆసుపత్రికీ మాత్రమే తీసే కారు ఐదేళ్ళలో 30 వేల కిలోమీటర్లు కూడా తిరగకపోవచ్చు. తిరగలేదు కదా అని బెల్టును వదిలేయరాదు. రబ్బరు ఎండకూ, వేడికీ, వయసుకూ గట్టిపడి బీటలు వారుతుంది. అటువంటి కారుకు సంవత్సరాల గడువే చూసుకోవాలి.

పాత బండి కొన్నప్పుడు బెల్టు మార్చినట్లు బిల్లు చూపకపోతే, మార్చలేదనే భావించి మార్పించడం క్షేమం.

గడువుకు ముందే మార్చవలసిన సందర్భాలు

1. బెల్టు మీద బీటలు, అంచుల్లో పోగులు, అరిగిన పళ్ళు, అద్దంలా మెరిసే వీపు కనిపించినప్పుడు.

2. బెల్టుకు ఆయిలు గానీ, రేడియేటరు నీరు గానీ అంటినప్పుడు. ముందు కారే సీలునో పంపునో బాగు చేసి, ఆ తరువాత కొత్త బెల్టు వేయాలి.

3. మూత లోపలి నుంచి గరగర గానీ, కూత గానీ వినిపించినప్పుడు. ఇది తరచుగా టెన్షనర్ బేరింగుది.

ఈ గుర్తులు లేవు కాబట్టి బెల్టు బాగుందని మాత్రం అనుకోవద్దు. చూడటానికి బాగున్న బెల్టు కూడా లోపలి దారాలు అలిసిపోయి ఒక్కసారిగా తెగవచ్చు. అందుకే గడువు పెట్టారు.

బెల్టుతోపాటు టెన్షనర్ కూడా ఎందుకు?

బావికి కొత్త చేంతాడు వేసి, అరిగిన గిలకను అలాగే ఉంచితే ఆ చేంతాడు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇదీ అంతే. బేరింగులో గ్రీజు ఎండిపోయి టెన్షనర్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ చక్రాలు కలిపి సెట్టుగా దొరుకుతాయి. నీటి పంపును ఈ బెల్టే తిప్పుతూ ఉంటే దానిని కూడా అప్పుడే మార్చడం మేలు. విడివిడిగా చేయిస్తే ఒకే పనికి రెండుసార్లు కూలి ఇవ్వవలసి వస్తుంది.

పని చేయించేటప్పుడు

ఒకసారి విప్పిన పాత బెల్టును తిరిగి వేయనివ్వవద్దు. కొత్త బెల్టును మడవడం, మెలితిప్పడం, స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించడం వల్ల లోపలి దారాలు తెగుతాయి. క్రాంకు, కామ్, డీజిలు పంపు గుర్తులు మూడూ కలిశాక టెన్షనర్ను కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. తరువాత స్టార్టరు వేయకుండా, స్పానరుతో ఇంజనును దాని దిశలోనే నిదానంగా రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. మధ్యలో అడ్డు తగిలితే బలవంతం చేయరాదు. పాత సామాను అడిగి తీసుకోండి. మార్చిన తేదీ, మీటరు అంకె చీటీ మీద రాసి మూత దగ్గర అంటించండి.

దారిలో తెగినప్పుడు

ఇంజను ఉన్నట్టుండి ఆగి, స్టార్టరు వేస్తే మామూలుకన్నా తేలికగా, వేగంగా తిరిగితే బెల్టు తెగిందని అనుమానించాలి. మళ్ళీ మళ్ళీ స్టార్టరు వేయవద్దు. నెట్టి స్టార్టు చేయించవద్దు. తిప్పినకొద్దీ నష్టం పెరుగుతుంది. ముందు వేరే బండి పిలిపించి క్యాన్లను శీతల కేంద్రానికి చేర్చండి. ఈలోగా క్యాన్లను నీడలో ఉంచి తడి గోనెలు కప్పండి. బండి సంగతి ఆ తరువాత చూడవచ్చు.

పాలకవర్గాలకు మనవి

సంఘం బండికి లాగ్ పుస్తకంలో బెల్టు మార్చిన తేదీ, మీటరు అంకె, తిరిగి మార్చవలసిన గడువు ఒక పేజీలో రాయించండి. ఆ ఖర్చును ఆ సంవత్సరపు అంచనాలోనే చేర్చుకోండి. అద్దె బండి అయితే ఒప్పందం రాసుకునే రోజునే బెల్టు మార్చిన బిల్లు చూడండి. బండి నిర్వహణ లోపం వల్ల పాలు చెడితే నష్టం ఎవరు భరించాలో కూడా అందులో స్పష్టంగా రాయించండి. పాలు చెడిన తరువాత వాదించుకోవడం కన్నా ముందే కాగితం మీద పెట్టుకోవడం అందరికీ మంచిది.