గాలివాన వేరు, తుపాను వేరు

వేసవి సాయంకాలమున అనంతపురములో కురియు ఉరుముల వానను, కార్తికమాసమున దివిసీమపై విరుచుకొనిపడు తుపానును మనము 'గాలివాన' యను ఒక్క పేరుతోనే పిలుచుచుందుము. రెండింటను గాలియు కలదు, వానయు కలదు. కాని పుట్టుకయందును నడవడియందును వాటికి పోలిక తక్కువ.

ఉరుముల వానకు పుట్టిల్లు ఎండకు కాగిన నేల. నేలనంటిన తేమగాలి వేడెక్కి, నిట్టనిలువుగా పది పన్నెండు కిలోమీటర్ల యెత్తునకు లేచి మేఘమగును. అందలి మంచుకణములు ఒరసికొనుటవలన విద్యుత్తు పుట్టును. మెరుపును పిడుగును దాని రూపములే. మంచు పెరిగి, కరగక నేల రాలినచో వడగండ్లు. వానతోపాటు చల్లనిగాలి పైనుండి దిగుటచే ఉక్క తీరును. ఇదంతయు తరచుగా గంటసేపటి ముచ్చట. ఒక ఊరిలో వాగు పారుచుండగా పక్క ఊరిలో దుమ్మయినను అణగకపోవచ్చును.

తుపానుకు పుట్టిల్లు సముద్రము. నీరు సుమారు 27 డిగ్రీల వేడి కలిగియున్నపుడు దానినుండి లేచిన ఆవిరి మేఘముగా మారుచు విడిచిన ఉష్ణమే తుపానుకు ఆహారము. అట్లాంటికు తీరమువారు దీనినే హరికేన్ అందురు. అది వందల కిలోమీటర్ల వెడల్పున, మన ఉత్తరార్ధగోళమున గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుచు, దినములకొలది బ్రదుకును. నేల నెక్కిన పిదప ఆహారము లేక క్షీణించును. అందు వడగండ్లు అరుదు; ఉరుములు సైతము తరచు తక్కువే.

ఉరుముల వాన వెలిసినచో వెళ్లిపోయినదనుకొందుము. తుపానులో గాలి హఠాత్తుగా ఆగినచో, దాని నడిమి 'కన్ను' మనపైకి వచ్చినదని గ్రహింపవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నముమీదుగా సాగినది. అట్టి వేళ గడచినది సగమే. తక్కిన సగము ఎదురుదిక్కు గాలితో వచ్చును.

అన్నిటికంటె భయంకరము ఉప్పెన. 1977 నవంబరు 19న గాలి తీరమునకు తరిమిన సముద్రజలము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి దివిసీమ పల్లెలను ముంచివేసెను. దాదాపు 10,000 మంది మరణించిరి.

కావున పిల్లలకు రెండు వేరు పాఠములు చెప్పవలెను. ఉరుము వినబడినంతనే చెట్టుక్రింద నిలువక ఇల్లు చేరవలెను. తీరవాసులు మాత్రము తుపాను హెచ్చరిక అందినపుడు ఇంటిని సైతము విడిచి, మెరకనున్న రక్షణ భవనమునకు తరలవలెను. పిడుగుల మేఘము తన రాకను తానే చాటుకొనును. ఉప్పెన చాటుకొనదు, ఆకాశము ఉరుమలేదుగదా యని నిలిచినవారికి పరుగెత్తుటకు వ్యవధి యుండదు.