సొంత విమానమైనా ముందు కబురు తప్పదు



చుట్టాలు చెప్పాపెట్టకుండా మనింటికి దిగితే ఏమవుతుంది? మహా అయితే ఎసట్లో మరో గిద్దెడు బియ్యం పడతాయి. కాని సొంత విమానం వేసుకుని ఒక దేశంలోంచి మరో దేశంలో అలా దిగితే వేల డాలర్ల జరిమానా పడుతుంది. “సొంత విమానాల గొడవ మనకెందుకమ్మా, మనకి స్కూటరే గొప్ప” అంటారు కాబోలు! నేనూ అలాగే అనుకున్నాను, అమెరికాలో మా తమ్ముడి కొడుకు దగ్గరకు వెళ్ళేదాకా.

వాడు సియాటిల్‌లో ఉంటాడు. నలుగురు పట్టే చిన్న విమానం నడపడం నేర్చి లైసెన్సు పుచ్చుకున్నాడు. “అత్తయ్యా, సరిహద్దు దాటితే కెనడాలో విక్టోరియా. మంచి ఊరు, చూసొద్దాం” అన్నాడు. నాకు రెండు దేశాల వీసాలూ ఉన్నాయి. కారెక్కినట్టు ఎక్కడమే కదా అనుకున్నాను. తీరా ముందురోజు రాత్రి వాడు నా పాస్‌పోర్టు పట్టుకుని కంప్యూటరు ముందు గంటసేపు కూర్చున్నాడు.

విషయమేమిటంటే, 2001 తర్వాత అమెరికా వారు జాగ్రత్త పెంచారు. పెద్ద కంపెనీల విమానాలలో ప్రయాణం చేసేవారి వివరాలు ముందే అందుతాయి. మరి చిన్న విమానాల సంగతి? అందుకని 2008లో ఒక నిబంధన చేసి, 2009 మే 18 నుంచి తప్పనిసరి చేశారు. అమెరికాలోకి వచ్చినా, అమెరికా నుంచి బయటికి వెళ్ళినా, విమానం లేవడానికి కనీసం 60 నిమిషాల ముందు అందులో ఉన్న వారందరి పేర్లూ కంప్యూటరు ద్వారా కస్టమ్స్ వారికి పంపాలి. దీన్ని ఈ-ఏపిస్ అంటారు. పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం, పాస్‌పోర్టు నంబరు, దాని గడువు అన్నీ వ్రాయాలి. పంపితే చాలదు, “బయలుదేరవచ్చు” అని జవాబు వచ్చేదాకా ఆగాలి. మా ప్రయాణం గంటైనా లేదు, కబురు మాత్రం గంట ముందు!

పేరు దగ్గర మనవాళ్ళకో చిక్కుంది. మనకి ఇంటిపేరు ముందూ, అసలు పేరు తర్వాతా. పైగా పెళ్ళయ్యాక కొందరికి ఇంటిపేరు మారుతుంది, కొందరికి కాగితాల్లో పాతదే ఉండిపోతుంది. పిలిచే పేరు ఏదైనా సరే, పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అలాగే వ్రాయించాలి.

ఇంకో సంగతి. విమానం వెళ్ళే దారి చెప్పే కాగితం, అదే ఫ్లయిట్ ప్లాన్, ఇచ్చేశాం గదా, కస్టమ్స్ వారికీ తెలిసే ఉంటుంది అనుకోకూడదు. పాలవాడికి ఊరెళుతున్నామని చెబితే పేపరు కుర్రాడికి తెలుస్తుందా? దిగబోయే చోట కస్టమ్స్ వారికి విడిగా ఫోను చేసి అనుమతి తీసుకోవాలి. కెనడా వెళ్ళేటప్పుడు అక్కడివారికి దిగడానికి 2 గంటల ముందులోగా, 48 గంటలకు మించకుండా ఫోను చేయాలి. దిగడం కూడా కస్టమ్స్ సదుపాయమున్న విమానాశ్రయంలోనే. దిగాక అధికారి చూసి సరేననేదాకా సామాను కదపకూడదు, మనుషులు చెదరకూడదు. పళ్ళూ, విత్తనాలూ, మొక్కలూ, మాంసం ఉంటే దాచకుండా చెప్పాలి. గత్యంతరం లేక మరోచోట దిగవలసివస్తే, వెంటనే కస్టమ్స్ వారికి తెలియజేయాలి.

ఇక అసలు కథ. తిరుగు ప్రయాణంలో మావాడి స్నేహితుడి తల్లి వచ్చి, “ఖాళీ ఉందిగా నాయనా, నన్నూ తీసుకుపో” అంది. ఆవిడకీ వీసా ఉంది. పెద్దావిడ అడిగింది గదా అని నేనూ వత్తాసు పలికాను. మావాడు ఒప్పుకోలేదు. “పేరు పంపని మనిషిని ఎక్కించకూడదు అత్తయ్యా. జాబితా మళ్ళీ పంపి, మళ్ళీ అనుమతి రావాలి” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దవాళ్ళ మాటకి ఆ మాత్రం విలువ లేదా అని మూతి ముడుచుకుని కూర్చున్నాను.

వాడు మళ్ళీ జాబితా పంపాడు. అనుమతి వచ్చేసరికి మబ్బు పట్టింది. సముద్రం మీద మసక చీకట్లో నడపనని ప్రయాణం మర్నాటికి మార్చి, ఆ మార్పూ కస్టమ్స్ వారికి చెప్పాడు. రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా అన్నాడు, “మొదటి తప్పుకి 5,000 డాలర్లు, ఆ పైన ప్రతి తప్పుకీ 10,000. కట్టవలసింది నేనే. డబ్బు పోతే పోనీ, దారిలో ఏమైనా జరిగితే, ఈ విమానంలో ఈవిడ ఉందని ఎవరికి తెలుస్తుంది?”

ఆ మాటతో నా మూతి ముడుపు విడిపోయింది. మన పిల్లలు అక్కడ ఇలాంటి సరదాలకు దిగితే, “పద పద” అని తొందరపెట్టేది ఎక్కువగా మనమే. బండి నడిపేవాడికి ఇంట్లోవాళ్ళ తొందరకంటే పెద్ద అపాయం లేదు. మన పాస్‌పోర్టు ముందురోజే చేతికిచ్చి, వాడు ఆగమన్నప్పుడు ఆగడం, అదే మనం చేయగల సాయం.