పలుచని పొరలో అణువుల కైరాలిటీని కొలవడం

1. కైరాలిటీ అంటే ఏమిటి?

కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడిగి చూడండి. రెండు చెప్పుల కొలత ఒకటే, తోలూ ఒకటే. అయినా కాలికి ఇమడదు. ఒక చెప్పు రెండవదానికి అద్దంలోని ప్రతిబింబం వంటిది. కొన్ని అణువులు కూడా ఇలా జంట రూపాల్లో ఉంటాయి. ఈ ధర్మమే కైరాలిటీ. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఇందుకు ఉదాహరణ. 1848లో లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణ స్ఫటికాలను చేత్తో ఏరి, కుడి, ఎడమ రకాలుగా వేరుచేశాడు.

మందులలో ఈ భేదం ముఖ్యం. ఒక రూపం జబ్బును తగ్గిస్తే, దాని జంట పనిచేయకపోవచ్చు. హాని కూడా చేయవచ్చు.

2. పాత పద్ధతికి ఉన్న ఇబ్బంది

కైరల్ ద్రావణం గుండా ధ్రువిత కాంతిని పంపితే, దాని కంపనతలం కొంత కోణం తిరుగుతుంది. కాంతి ద్రావణంలో ఎంత దూరం ప్రయాణిస్తే అంత ఎక్కువగా తిరుగుతుంది. సాధారణంగా వాడే గొట్టం పొడవు 10 సెంటీమీటర్లు. ఒకే అణువు మందం గల పొర సుమారు 1 నానోమీటరు, అంటే ఆ గొట్టంలో పదికోట్లవ వంతు! అందులో జరిగే భ్రమణాన్ని గుర్తించడం చాలా కష్టం. కాని జీవకణాల పొరల వంటి పలుచని చోట్లనే ఎన్నో ముఖ్యమైన చర్యలు జరుగుతాయి.

3. కొత్త పద్ధతి

1961లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో 694 నానోమీటర్ల ఎర్రని లేసర్ కాంతిని క్వార్ట్జ్ స్ఫటికం మీద ప్రసరింపజేశారు. 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కూడా వెలువడింది. తరంగదైర్ఘ్యం సగమైందంటే పౌనఃపున్యం రెట్టింపైందన్నమాట. దీనినే ద్వితీయ హరాత్మక కాంతి అంటారు.

ద్రవం లోపల అణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి. అందుచేత అక్కడ పుట్టే ద్వితీయ హరాత్మక తరంగాలు దాదాపుగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఉపరితలంలో అణువులు ఒక వరుసలో నిలబడటం వల్ల అలా జరగదు. అంటే మనకు అందే సంకేతం ముఖ్యంగా ఆ పలుచని పొరదే.

ఇప్పుడు కాంతిని ఎడమ వృత్తీయ ధ్రువణంతో ఒకసారి, కుడి వృత్తీయ ధ్రువణంతో మరొకసారి పంపి, రెండు సంకేతాల తీవ్రతలను పోల్చుతారు. 1993లో జానిస్ హిక్స్ బృందం నీటిపై పరచిన బైనాఫ్తాల్ పొరలో ఈ పని చేసింది. మామూలు శోషణ పద్ధతిలో ఈ తేడా తరచుగా వెయ్యింట ఒక వంతుకు మించదు. ఈ పద్ధతిలో అది సంకేతంతో పోల్చదగినంత పెద్దదిగా ఉండవచ్చు.

4. జాగ్రత్త

తేడా కనబడినంత మాత్రాన పొర కైరల్ అని నిర్ణయించరాదు. అణువులన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నా తేడా రావచ్చు. కాబట్టి జంట రూపంతోనూ ప్రయోగం చేయాలి: తేడా గుర్తు ధనం నుంచి రుణానికి, లేదా రుణం నుంచి ధనానికి మారాలి. రెండూ సమపాళ్లలో ఉన్న పొరలో తేడా సున్నా కావాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 800 నానోమీటర్ల కాంతికి ద్వితీయ హరాత్మక తరంగదైర్ఘ్యం ఎంత?
2. సమపాళ్ల మిశ్రమంతో ప్రయోగం ఎందుకు చేస్తారు?

జవాబులు: 1. 400 నానోమీటర్లు. 2. తేడా కైరాలిటీ వల్లనే వచ్చిందని నిర్ధారించుకోవడానికి.