దుర్భిణి కటకముల సంరక్షణ

దూరమున నున్న వస్తువును దగ్గరగా చూపు సాధనమును మనము దుర్భిణి యందుము. ఈ మాట పారశీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినది. ‘దూర్’ అనగా దూరము, ‘బీన్’ అనగా చూచునది. సూక్ష్మదర్శినికి ఉర్దూలో ‘ఖుర్ద్‌బీన్’ అని పేరు. కటకమును ‘అదసా’ అందురు. మసూరు పప్పు ఆకారమును బట్టి వచ్చిన పేరది. లెన్స్ అను మాటకు లాటిన్‌లోను అదియే అర్థము.

మన ఉత్తరాంధ్రకు ఈ సాధనముతో పాత పరిచయము కలదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నమున సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబముపై శుక్రుని సంక్రమణమును అచ్చటినుండి పరిశీలించెను. అట్టి దృశ్యము మరల మన దేశమున కనబడినది 2004లోనే. ఆ ఉదయమున కటకము మసకబారి యున్నచో, మరల అవకాశమునకు దాదాపు 130 ఏండ్లు వేచియుండవలసి వచ్చెడిది.

నేడు టెక్కలి సమీపమున తేలినీలాపురము పోయి గూడబాతులను చూచు విద్యార్థికైనను, జీవశాస్త్ర ప్రయోగశాలలో కణమును చూచు విద్యార్థికైనను, రైఫిల్‌పై అమర్చు దుర్భిణికైనను నియమము లొక్కటే. రైఫిల్ విషయమున మాత్రము తుపాకిలో గుండు లేదని నిశ్చయించుకొనిన పిదపనే దుర్భిణిని ముట్టవలెను.

కటకమునకు మొదటి శత్రువు ఇసుక రేణువు. ఇసుకలోని క్వార్ట్జ్ గాజుకన్న గట్టిది. చీర చెరగుతోనో, చొక్కా అంచుతోనో పొడిగా తుడిచినచో ఆ రేణువే గీత గీయును. పైగా కటకముపై కాంతి వ్యర్థముగా వెనుకకు మరలకుండ పలుచని పూత యుండును. పూత లేని గాజు ఒక్కొక్క తలమున నాలుగు శాతము కాంతిని మరలించును. పూత చెరిగిన చోట ఆ నష్టము తిరిగి వచ్చును.

కావున క్రమము తప్పరాదు. మొదట రబ్బరు బుడగతో గాలి ఊది దుమ్మును పోగొట్టవలెను. నోటితో ఊదిన ఉమ్మి తుంపరలు పడును. పిదప మెత్తని కుంచెతో దులపవలెను. వ్రేలిముద్రలు మిగిలినప్పుడు మాత్రమే కటకముల కాగితమును శుభ్రపరచు ద్రవముతో కొద్దిగా తడిపి, నడుమనుండి అంచునకు వలయాకారముగా మెల్లగా తుడువవలెను. ద్రవమును నేరుగా కటకముపై పోయరాదు. అది అంచులనుండి లోనికి దిగి, కటకములను కలిపి యుంచు జిగురును చెరచును. సూక్ష్మదర్శినిలో నూనె వాడిన కటకమును పని ముగిసిన వెంటనే తుడువవలెను. ఏ సాధనమును విప్పి చూడరాదు.

రెండవ శత్రువు బూజు. మన సముద్రతీరపు గాలిలో తేమ మెండు. వానాకాలము ముగియు వేళకు తుపానులు వచ్చును. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినవి గదా. తేమ డెబ్బది శాతము దాటి, గాలి ఆడక, చీకటిగా నున్న చోట బూజు కటకముపై వేళ్ళూనును. అది స్రవించు ఆమ్లము గాజునే తినివేయును. అట్టి మచ్చ ఏ ద్రవముతోను పోదు. తోలు సంచి తేమను పట్టి యుంచును గనుక దానిలో దీర్ఘకాలము దాచరాదు. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్‌తో ఉంచుట మేలు. రంగు మారినప్పుడు ఆ గింజలను వేడిచేసి మరల వాడుకొనవచ్చును. బూజు పట్టిన పరికరమును తక్కిన వాటినుండి వేరు చేయవలెను.

ఎంత శుభ్రమైన దుర్భిణితోనైనను సూర్యుని నేరుగా చూడరాదు. కటకము చెడిన వేరొకటి కొనవచ్చును, కన్ను చెడిన కొనజాలము.

కళాశాల పరికరములు ఒక సంవత్సరపు విద్యార్థుల సొత్తు కావు. వానలు రాకమునుపే ప్రతి ప్రయోగశాలకు ఒక పొడి పెట్టెను సమకూర్చుమని కమిటీ పెద్దలను, తుడుచుటకు ముందు ఒక్క క్షణమాగి దుమ్మును ఊదుమని సోదర సోదరీమణులను కోరుచున్నాము. మన తరువాత వచ్చు విద్యార్థికి మనము అందజేయవలసినది మసకబారని చూపు.