బొమ్మలోని బట్టలు కాలం చెబుతాయా?

పాత కొరియా ఆస్థాన చిత్రం మీద తేదీ లేదు. అది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? అందులోని మనుషులు ఏం తొడుక్కున్నారో చూడాలి.

జోసన్ రాజవంశం 1392 నుంచి 1910 వరకూ పాలించింది. తొలినాళ్లలో ఆడవాళ్ల పైచొక్కా 'జొగొరి' నడుము దాకా ఉండేది. తరతరానికీ పొట్టిదవుతూ, 18వ శతాబ్దం చివరికి ఛాతీ దగ్గరే ఆగిపోయింది. అందుకే పరిశోధకులు ముందు దాని పొడవే చూస్తారు.

రాజాజ్ఞలు ఇంకా గట్టి ఆధారాలు. ఆడవాళ్లు తలపై పెట్టుకునే బరువైన సవరాలను 1756లో యంగ్జో రాజు నిషేధించాడు. అయినా ఆ మోజు తగ్గలేదు. 1788లో జంగ్జో రాజు మళ్లీ నిషేధించాల్సి వచ్చింది! అధికారుల ఛాతీపై హోదా తెలిపే కుట్టుపని బిళ్లలు 1454లో అమల్లోకి వచ్చాయి. కొరియా పాలకుడి ఒంటిపై పసుపు రాజవస్త్రం కనిపిస్తే? గోజోంగ్ చక్రవర్తిగా ప్రకటించుకున్న 1897 గుర్తుకు రావాలి. అంతకుముందు రాజులు కొలువులో మామూలుగా ఎరుపు ధరించేవారు.

అయితే ఒక చిక్కుంది. జొంజు నగరంలోని తొలి రాజు తేజో చిత్రంలో ఆయన నీలి వస్త్రంలో, పాతకాలపు తీరులో కనిపిస్తాడు. కానీ అది పాడైన పాత చిత్రాన్ని చూసి 1872లో గీసిన నకలు. అందుకే దుస్తులతోపాటు పట్టునూ రంగులనూ పరీక్షిస్తారు, ఆస్థాన రికార్డులూ తిరగేస్తారు.