ఎత్తు పెంచితే సరా!

దివిసీమలో వానాకాలం కరకట్ట దిగితే జిగట బురదే. పాత మహీంద్రా జీపున్నవాళ్లకి దాని ఎత్తు పెంచాలన్న సరదా అందుకే. ముందు కమాన్‌కట్టలకి పొడవైన షాకిల్స్ వేస్తే బండి లేస్తుంది. చిక్కంతా తర్వాతే! యాక్సిల్ కాస్త ముందుకు వాలి 'కాస్టర్' కోణం తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలు లాంటిదే ఇది. మలుపు తిరిగాక చక్రాలు తిన్నబడేది దానివల్లే. అలాంటి జీపు బురదలో బుద్ధిగానే ఉంటుంది. చల్లపల్లి దాటి మచిలీపట్నం హైవే మీద వేగం అందుకున్నాకే స్టీరింగ్ నిలవదు. ఎదురుగా లారీ వస్తే? ప్రాణాలమీదికే!

గుడివాడలో అయినా బందరులో అయినా టైరాడ్ తిప్పి టో ఒక్కటే సరిచేస్తే ఈ జబ్బు పోదు. కట్టకీ యాక్సిల్‌కీ మధ్య, రెండు పక్కలా ఒకే కోణమున్న ఏటవాలు ఇనుప ముక్కలు బిగించి ముందు కాస్టర్ రాబట్టాలి. టో ఆ తర్వాత. అయితే, మందపు అంచు అటుదిటు పెడితే ఉన్న కోణమూ పోతుంది.