డేగ ఉన్న ఆకాశంలోకే...

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి డాబా మీదికి పరుగెత్తే ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే చిక్కడపల్లిలో మా ఇంటికి రండి. మా వీధిలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయిపోయినా మాది ఇంకా డాబా ఇల్లే. ఆ డాబా మీద ఓ మూల చెక్కలతో కట్టిన గూడు, అందులో పద్నాలుగు పావురాలు. తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడి ఆస్తి అది. వాడు నారాయణగూడలో ట్యూషన్‌కి పోతే వాటిని బయటికి వదలడం, మళ్ళీ లోపలికి పిలిచి తలుపు వెయ్యడం నా పని. ఎప్పుడు నా పని అయిందో నాకే తెలీదు. పిల్లలు ముచ్చటపడి తెచ్చింది కుక్కపిల్లయినా, గులాబి మొక్కయినా చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మీకు వేరే చెప్పాలా!

ఇవి మన బాల్కనీల్లో, ఏసీ పెట్టెల వెనక గుడ్లు పెట్టి విసిగించే పావురాలు కావు. హోమర్లంటారు. పందేల కోసం తరతరాలుగా ఏరి పెంచిన జాతి. బుట్టలో పెట్టి ఎంతో దూరం తీసుకెళ్ళి వదిలినా తమ గూటికే తిరిగొస్తాయి. చెన్నై, బెంగళూరు, కోల్‌కతాల్లో వీటి పందేలకు క్లబ్బులున్నాయి. మన పాతబస్తీ వాళ్ళకైతే పావురాలు ఎగరెయ్యడం తాతలనాటి సరదా.

ఆ రోజు ఏం జరిగిందంటే...

కిందటి కార్తీక మాసంలో ఆరు పిల్లలు ఎగరడానికొచ్చాయి. అందులో ఒకటి చింతగింజ రంగుది. మావాడి భుజం మీద వాలి చెవి పొడిచేంత చనువు దానికి. ఓ ఉదయం వాటిని వదిలి, పాలు పొంగిపోతాయని కిందికి దిగాను. అవి కడుపునిండా తిని ఉన్నాయేమో, ఎగరకుండా నీళ్ళ ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి. కాకులు ఒక్కసారిగా గోల చేశాయి. నేను పైకొచ్చేసరికి ట్యాంకు మీద నాలుగు ఈకలు, ఎదురింటి వేపచెట్టులోకి దూరిపోతున్న బూడిద రంగు రెక్కలు. చింతగింజ లేదు.

వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ఎక్కణ్ణించో ఉండేలు సంపాదించాడు. మామయ్యగారేమో "ఆ గూడు మూసెయ్యండమ్మా, పాపం మూటగట్టుకోవడం దేనికి?" అన్నారు. నేను మూసేశాను. పది రోజులు తలుపు తియ్యలేదు. వేళకి గింజలు, వేళకి నీళ్ళు. క్షేమంగా ఉన్నాయి, డేగ పీడ వదిలింది అనుకున్నాను. పదకొండో రోజు తలుపు తీస్తే అవి పిట్టగోడ దాటి ఎగరలేక ఆయాసపడ్డాయి. వాటిని కాపాడానా, డేగకి ఇంకా సులువు చేశానా?

ఉస్తాద్ చెప్పిన పాఠం

గింజలు కొనే కొట్టాయన చెబితే, పాతబస్తీలో నలభై ఏళ్ళుగా పావురాలు పెంచుతున్న ఓ పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. మా గోడంతా విని నవ్వారాయన. "డేగ గురించి ఎందుకు పరేషానయితవమ్మా? అది మన మాట ఇంటదా? నీ పావురానికి నేర్పు. అది నీ మాట ఇంటది" అన్నారు. ఆయన చెప్పినవి, తర్వాత మేం తప్పులు చేసి తెలుసుకున్నవి కలిపి చెబుతాను.

పిల్ల నాలుగు వారాలకి సొంతంగా గింజలు ఏరుకుంటుంది. అప్పటినుంచే చదువు మొదలు. ముందు గూటి మీద జాలీ పెట్టె అమర్చి, కొద్దిరోజులు అందులోంచి చుట్టుపక్కల చూడనివ్వాలి. మా వాటికి కనిపించేది ఎదురింటి వేపచెట్టు, పక్క అపార్ట్‌మెంటు ట్యాంకు, దూరంగా గుడి గోపురం. అవి మనసులో నాటుకోవాలి. తర్వాత సాయంత్రం మేతకి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడే తలుపు తియ్యాలి. డబ్బాలో గింజలు గలగలలాడించి, ఈల వేసి పిలవాలి. ఆ చప్పుడుకి రెక్కలు ముడుచుకుని నేరుగా గూట్లో దూరాలి. కడుపు నిండిన పావురం ఇంటి కప్పు మీద కునుకుతుంది. డేగకి కావాల్సింది అదే. మా చింతగింజ విషయంలో జరిగిందీ అదే. తప్పు నాదే. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఇంకొకరైనా జాగ్రత్త పడతారు.

శత్రువునీ తెలుసుకోవాలి. మన ఊళ్ళో తిరిగే వేటపక్షులన్నీ ఒక్కటి కాదు. పైన గుండ్రంగా చక్కర్లు కొట్టే గద్ద చాలావరకు చెత్త, చచ్చిన ఎలకలు, మాంసం ముక్కలు ఏరుకుని బతుకుతుంది. బలమైన పావురం జోలికి అంతగా రాదు. జాలె డేగ అలా కాదు. చెట్టులో నక్కి ఉండి, ఆదమరచిన దాని మీదికి ఒక్క ఉదుటున దూకుతుంది. ఇక బైరి. పెద్ద పెద్ద భవనాల మీద మాటు వేసి, పైనుంచి గంటకి 300 కిలోమీటర్లు మించిన వేగంతో పడుతుంది. చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చేవి కూడా తోడవుతాయి. అందుకే కొత్త పిల్లలకి ఆ నెలల్లో దూరప్రయాణాలు వద్దంటారు ఉస్తాద్.

రోజూ ఒకే వేళకి వదలకూడదు. పాలవాడి టైముకి మనం గుమ్మంలో ఉన్నట్టే డేగ కూడా ఆ టైముకి తయారుగా ఉంటుంది. ఒంటరి పిల్లని వదలకూడదు. దారి తెలిసిన పెద్దవాటితో కలిపి గుంపుగా వదలాలి. గుంపు ఒక్కసారిగా మలుపు తిరిగితే దేన్ని పట్టాలో డేగకే తెలీదు. వదిలేముందు కాకుల మాట వినాలి. కాకులు గుమిగూడి గోల చేస్తుంటే తలుపు ముట్టుకోవద్దు. దాడి జరిగితే రెండు మూడు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అంతేగానీ నాలా పది రోజులు తాళం వేస్తే రెక్కల్లో సత్తువ పోతుంది.

సంక్రాంతి వారం మాత్రం తాళమే. గాలిపటాల దారం డేగ కంటే పాపిష్టిది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా చైనా మాంజాని నిషేధించినా పండగ నాడు తీగల మీద, చెట్ల మీద అదే వేలాడుతూ కనిపిస్తుంది. పావురాలే కాదు, గద్దలూ దానికి తెగిపోతున్నాయి.

మొగుడూ పెళ్ళాం సమానమే!

ఈ పిట్టల సంసారం చూస్తే మనకి అసూయ పుడుతుంది సుమండీ! పెట్టేది రెండు గుడ్లు. పదిహేడు, పద్దెనిమిది రోజులు పొదగాలి. పొద్దెక్కినప్పటి నుంచి సాయంత్రం దాకా మగది కూర్చుంటుంది, మిగతా వేళ, రాత్రంతా ఆడది. పిల్లలు పుట్టాక గొంతు సంచిలో ఊరే పాలలాంటి ఆహారం ఇద్దరూ పడతారు. అవును, మగదీ పాలిస్తుంది! పందెగాళ్ళు ఈ మమకారాన్నే వాడుకుంటారు. జంటకి దూరం చేసి తీసుకెళ్తే మగది వేగంగా ఇల్లు చేరుతుంది. గూట్లో చంటిపిల్లలుంటే తల్లి ఇంకా వేగంగా వస్తుంది. ఆఫీసు నుంచి ఆటోలో కూర్చుని "ట్రాఫిక్ కదలదేం!" అని గోళ్ళు కొరుక్కునే తల్లులకి ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ దారెలా తెలుస్తుంది? సూర్యుణ్ణి చూసి దిక్కు పోల్చుకుంటాయి. భూమి అయస్కాంత శక్తినీ పసిగడతాయి. గాలిలో వాసనలు గుర్తుపెట్టుకుంటాయని 1970లలో ఇటలీ శాస్త్రజ్ఞులు చెప్పారు. 2004లో వీపుకి చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి చూస్తే, తెలిసిన దారిలో రోడ్ల వెంటే ఎగురుతూ కూడళ్ళ దగ్గర మలుపు తిరుగుతున్నాయట! మన పొరుగున ఒడిశా పోలీసులు 1946లో సైన్యం ఇచ్చిన రెండువందల పావురాలతో కోరాపుట్‌లో కబుర్ల సేవ మొదలుపెట్టారు. 1982 వరదల్లో, 1999 పెనుతుపానులో వైర్లు తెగిపోయిన చోట్ల అవే కబురు మోశాయి.

ఉండేలు ఏమైంది?

"డేగని కొట్టకూడదా?" అన్నాడు మావాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగనీ, గద్దనీ చంపడం, పట్టుకోవడం నేరం. బ్రిటన్‌లో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కబుర్లు మోసే పావురాల కోసం బైరిల్ని వందల కొద్దీ చంపించారు. తర్వాత పురుగుమందుల దెబ్బ కూడా తోడై అవి దాదాపు కరువైపోతే, మళ్ళీ ఆ ప్రభుత్వమే కాపాడుకోవాల్సి వచ్చింది. ఇదంతా చెప్పినా వాడి మొహం తేలికపడలేదు. అప్పుడు మామయ్యగారు శిబి చక్రవర్తి కథ ఎత్తారు. "పావురాన్ని కాపాడాడని చెప్పుకుంటాం గానీ, ఆయన డేగనీ పస్తు పెట్టలేదురా. దాని ఆకలీ ఆకలే అని తన తొడ కోసిచ్చాడు" అన్నారు. గూడు మూసెయ్యమన్న మనిషేనా అని నేను ఆశ్చర్యపోయాను. ఉండేలు అటక ఎక్కింది.

ఇంకో మాట. పావురాల రెట్ట ధూళి ఊపిరితిత్తులకి చేటు. ఊడ్చేముందు నీళ్ళు చల్లి, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఈ సరదా వద్దే వద్దు.

మొన్న ఫాల్గుణంలో మిగిలిన ఐదు పిల్లల్నీ, రెండు పెద్దవాటినీ బుట్టలో పెట్టుకుని మావారు, అబ్బాయి స్కూటర్ మీద ఘట్‌కేసర్ వెళ్ళారు. అంతకుముందే నారాయణగూడ నుంచీ, ఆపైన ఇంకాస్త దూరం నుంచీ విడతలవారీగా వదిలి అలవాటు చేశాం. "వదిలేశామమ్మా" అని ఫోన్. నేను డాబా మీద గింజల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. మా పై గదిలో నల్గొండ జిల్లా అమ్మాయి అద్దెకుంటుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో రాత్రి దాకా చదువు. ఆమె కూడా పుస్తకం మూసి వచ్చి నా పక్కన నిలబడింది.

అరగంటలో ఆరు వచ్చేశాయి. ఏడోది రాలేదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తున్నా నేను కదల్లేదు. "మా అమ్మ కూడా గిట్లనే నిలబడతది ఆంటీ, బస్టాండుల. పోవద్దని మాత్రం ఒక్కనాడూ అనలేదు" అంది ఆ అమ్మాయి.

ఏడోది మర్నాడు పొద్దున తోక ఈకలు మూడు పోగొట్టుకుని వచ్చింది. ఎక్కడ పడుకుందో, ఎవరి బారి నుంచి తప్పించుకుందో మనకేం తెలుసు! డబ్బా చప్పుడు వినగానే నేరుగా గూట్లో దూరి గింజల మీద పడింది. మావాడు దాని తోక నిమిరి, "వచ్చే ఆదివారం దీన్ని వదలద్దమ్మా" అన్నాడు. "ఈకలు వచ్చేదాకా వద్దు. తర్వాత వదులుదాం" అన్నాను.